తెరుచుకోని ఫోటో

నా కంప్యూటర్‌కి ఇంటర్నెట్ గాలి కూడా తగలనివ్వనని తెనాలంతా గొప్పలు చెప్పుకు తిరిగినవాణ్ని నేను. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు తయారుచేసే చిన్న కొట్టు నాది. నా తెలుగు అక్షరాలు పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లోవి. ఒకసారి ఒక మెకానిక్ మహానుభావుడు నెట్ తగిలించి వెళ్తే, ఏదో అప్‌డేట్ తనంతట తనే ఎక్కేసింది. పొద్దున్నే తెరిచి చూస్తే పెళ్లికూతురి పేరు, ముహూర్తం, విందు అన్నీ డబ్బాలూ ప్రశ్నార్థకాలూ! ఆ పిల్ల తండ్రి మూడు రోజులు నా నెత్తిమీదే కూర్చున్నాడు. తంటాలుపడి పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించుకున్నాక నెట్ వైరు పీకేసి, ఆ కన్నానికి ప్లాస్టర్ అంటించాను. ఆనాటి నుంచి అప్‌డేట్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండేది.

పెన్‌డ్రైవుల సంగతిలో ఇంకా చాదస్తం. నా దాంట్లో వైరస్ మందు లేదు కదా, అందుకని ఎవరి పెన్‌డ్రైవ్ వచ్చినా కావలసింది ఒక్కటీ తీసుకుని, మొత్తం తుడిచేసి, అప్పుడు నా పని అందులోకి ఎక్కించి ప్రెస్సుకి పంపేవాణ్ని. "కంప్యూటర్‌కి మడి కట్టారండీ మీరు," అని పక్క జిరాక్సు షాపాయన ఏడిపించేవాడు. "మీ దానిలా నెలకోసారి మంచం ఎక్కదు లెండి," అనేవాణ్ని. దసరాకి దానికి బొట్టు పెట్టేటప్పుడు నిజంగానే ముద్దొచ్చేది నాకు.

ఒకావిడ వారానికోసారి బాపట్ల నుంచి ప్యాసింజర్ రైల్లో ఎండుచేపల గంపతో వచ్చేది. ఊరు సూర్యలంక పక్కన పల్లె. మార్కెట్‌కి వెళ్తూ మా సందులోంచే పోయేది కాబట్టి ముఖపరిచయం. ఒకనాడు గంప బయట దించి లోపలికి వచ్చింది. మొగుడు పోయి ఏడాది కావస్తోందట, సంవత్సరీకానికి కార్డులు కావాలంది. పమిట కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

"దీంట్లో మా ఆయన బొమ్మ ఉంది తమ్ముడూ. గుంటూరు నుంచి బీచికి వచ్చిన ఒకాయన ఫోన్లో తీశాడు, పడవ మీద కూచోబెట్టి. మళ్లీ వారం వచ్చి దీంట్లో ఎక్కించి ఇచ్చాడు. తెనాలి పోయినప్పుడు అచ్చేయించుకుందాంలే అంటానే ఉన్నాడు, ఈలోగా మనిషే పోయాడు."

"మరి పెద్దకర్మకి ఏ ఫోటో పెట్టారక్కా?"

"ఆధార్ కార్డు మీదదే పెద్దది చేయించాం. దాంట్లో దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టున్నాడు. ఈ బొమ్మలో నవ్వుతున్నాడంట. ఆ ఫోన్లో తను చూసుకుని వచ్చి నాకు చెప్పాడు. నేను చూడలా. ఇది తప్ప మంచి బొమ్మ ఇంకోటి లేదు."

పెన్‌డ్రైవ్ పెట్టాను. ఒకే ఒక ఫైలు. బొమ్మ గుర్తు లేదు, ఉత్త తెల్లకాగితంలా ఉంది. నొక్కితే తెరుచుకోనని మొరాయించింది. నా దగ్గరున్న నాలుగు రకాల ప్రోగ్రాముల్లోనూ వేసి చూశాను. ఊహూఁ.

అప్పుడు నేను అనాల్సింది ఏంటి? "నాకు తెలియడం లేదక్కా, ఇంకెక్కడన్నా చూపించు" అనాలి. ఆ ముక్క నా నోట రాలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం కదా నేను.

"పాడైపోయిందక్కా. లోపల ఏమీ లేదు. ఎక్కడ దాచావేంటి దీన్ని?"

"వంటింట్లో, పసుపు డబ్బాలో."

"అదీ సంగతి! సముద్రప్పక్క ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, ఇదెంత?"

ఆవిడ ముఖం ఎలా అయిపోయిందో ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. "పక్క షాపులో ఒకసారి చూపించనా?" అని మెల్లగా అడిగింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నా దగ్గర తెరుచుకోనిది తెనాలిలో ఎక్కడా తెరుచుకోదమ్మా," అన్నాను. ఆధార్ కార్డు నా చేతికిచ్చి, పెన్‌డ్రైవ్ బల్ల మీదే వదిలేసి గంప ఎత్తుకుంది. ఆధార్ బొమ్మతోనే కార్డు తయారుచేశాను. బొమ్మ పోయినా ఇది పనికొస్తుందిలే అని, అలవాటు ప్రకారం ఆ పెన్‌డ్రైవ్ తుడిచేసి, కార్డు అందులో ఎక్కించి ప్రెస్సుకి పంపాను. తిరిగి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా లేదు, ఆవిడ వదిలేసిన సరుకే కదా అని.

నాలుగు నెలల తర్వాత రేపల్లెలో మా చెల్లెలింట్లో గృహప్రవేశానికి కార్డు కావాల్సొచ్చింది. మేనకోడలు కొత్త ఇంటి ఫోటో పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. కొట్లో పెట్టి చూస్తే అదే తెల్లకాగితం, అదే మొరాయింపు. మర్నాడు రేపల్లె వెళ్లి, "ఇది పాడైందే," అన్నాను. ఆ పిల్ల తన ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక్కసారి నొక్కింది. రంగు ఆరని గుమ్మం, మామిడాకులు, మా చెల్లెలు, అంతా నిక్షేపంగా కనపడింది.

"పాడవలేదు మావయ్యా. కొన్ని కొత్త ఫోన్లు ఫోటోల్ని వేరే రకంగా దాస్తాయి. నీ సిస్టమ్ పుట్టేనాటికి ఈ రకమే లేదు, పాపం దానికెలా తెలుస్తుంది?" అని పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఎండుచేపలావిడ పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. భోజనం కూడా చెయ్యకుండా రైలెక్కి తెనాలి వచ్చి నేరుగా ప్రెస్సుకి పోయాను. ఆ పెన్‌డ్రైవ్ ఉంది, కానీ ఈ నాలుగు నెలల్లో వాళ్లు దాన్నిండా ఎన్నిసార్లు ఏమేమి ఎక్కించారో లెక్కలేదు. మేనకోడలు దాన్ని పట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టింది. పాత ఎన్నికల కరపత్రాలు బయటపడ్డాయి గానీ ఆయన మాత్రం దొరకలేదు. ఛీ, ఎందుకు తుడిచానురా దేవుడా అని తల బాదుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

ఆవిడ ఎప్పటిలా సందులోంచి వెళ్తూ "బాగున్నావా తమ్ముడూ" అంటుంటే తల పైకెత్తలేకపోయాను. రెండు వారాలు ఓర్చుకుని, ఇక నావల్ల కాక బాపట్ల వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో వాళ్ల పల్లెకి పోయాను. ఇంటి ముందు వలపట్టా పరిచి చేపలు ఎండబెడుతోంది. గుమ్మం ఎదురుగా గోడ మీద పెద్దకర్మకి పెద్దది చేయించిన ఆ ఆధార్ బొమ్మే, ప్లాస్టిక్ పూలదండ.

కుర్చీ వేసినా కూర్చోకుండా జరిగిందంతా చెప్పేశాను. పాడవలేదని, నా కంప్యూటరే పాతదని, తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడానని, నా చేత్తో నేనే తుడిచేశానని. తిట్టమనే వెళ్లాను. నాలుగు తిడితే బరువు దిగి వచ్చేవాణ్ని.

ఆవిడ చేతిలో చేప అలాగే పట్టుకుని నావైపు తిరిగింది.

"అయితే లోపల ఉన్నాడా, తమ్ముడూ?"

"ఉన్నాడక్కా."

"నవ్వుతున్నాడా?"

నేను చూడలేదు. ఆ ముఖం చూసినవాళ్లు ఇద్దరే. అందులో ఒకరు పోయారు, ఇంకొకరు గుంటూరులో ఎవరో, ఎక్కడో. చూడలేదక్కా అన్నాను.

ఆవిడ చేప పట్టా మీద పెట్టి, లోపలికి తిరిగి గోడ మీది బొమ్మకేసి చూసింది. కళ్లు తుడుచుకుంటూ, నాతో కాదు, ఆయనతోనే అంది: "విన్నావా? ఉప్పుగాలికి పెట్టి నిన్ను నేను పాడుచెయ్యలేదంట."