అట్ట మీది అమ్మాయి

2023 వేసవి. చిక్కడపల్లి సందులో నేను డీటీపీ సెంటర్ పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. పుస్తకాలకు పేజీలు కట్టడం, కవర్లు డిజైన్ చేయడం నా పని. ఉద్యమ పుస్తకాల కవర్లయితే కళ్లు మూసుకుని చేసేస్తాను. కార్మికుడంటే పిడికిలెత్తిన మగవాడు, విప్లవమంటే బిడ్డనెత్తుకున్న తల్లి, మార్కెట్ మాయ అంటే లిప్‌స్టిక్ వేసుకున్న పిల్ల.

స్వరూప మొదటి పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ తల్లి బిడ్డ, నారాయణగూడలో చదువుకుంది. రాజకీయ సిద్ధాంతాల్లో స్త్రీ గురించి వ్యాసాలు రాసింది. ఆదివారం బాగ్ లింగంపల్లిలో ఆవిష్కరణ. నేను విషయసూచిక మాత్రమే చూసి, 'మార్కెట్' అన్న మాట కనపడగానే లిప్‌స్టిక్ పిల్లను అట్ట మీద పెట్టి ప్రెస్సుకు పంపేశాను. శుక్రవారం ఆమె వచ్చి, బల్ల మీదున్న ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, చూసింది.

"అక్కా, లోపల మొత్తం దీని మీదనే కొట్లాడిన," అంది మెల్లగా. "దోపిడీని తిట్టాలంటె సిద్ధాంతాలు రాసెటోళ్లకు ఆడపిల్లనే దొరుకుతది, త్యాగం చెయ్యాలంటె అమ్మనే దొరుకుతది. ఆలోచించెటోడు మాత్రం మగోడే. నువ్వు ఆ పిల్లనే తెచ్చి నా అట్ట మీద కూసోబెట్టినవ్."

నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ రోజూ లిప్‌స్టిక్ వేసుకున్నాకే షాపు తెరుస్తాను మరి! ఆ కవరుతో వస్తే సొంత సభలోనే స్వరూప నవ్వులపాలవుతుంది. వెంటనే ప్రెస్సుకు ఫోన్ చేశాను. అచ్చు వేసే రేకు, ప్లేట్ అంటారు దాన్ని, మిషన్ ఎక్కితే ఇక చేసేదేమీ లేదు.

"ఇంక ఎక్కలేదమ్మా, పెండ్లి పత్రికలు నడుస్తున్నయ్," అన్నాడు ప్రెస్సాయన. ఎవరో తెలియని ఆ వధూవరులను మనసారా దీవించాను.

సిమెంటు తట్ట మోసే వాళ్లమ్మ ఫొటో వేద్దామన్నాను. స్వరూప నవ్వింది.

"అప్పుడు మా అమ్మ గూడ నీ బొమ్మలల్ల ఒక బొమ్మ అయితది. ఆమెకు ఎల్లమ్మ అని పేరున్నదక్కా."

చివరికి అట్ట మీద పుస్తకం పేరు, రాసినామె పేరు, అంతే.

ఆదివారం సభకు ఎల్లమ్మ వచ్చింది. అట్ట మీది అక్షరాలను కూడబలుక్కుని చదివి, బొమ్మ ఎందుకు లేదని నన్నే అడిగింది. నేను చెప్పబోయేలోపే ఆమే అంది: "మంచిదే. బొమ్మ ఉంటె అందరు దాన్నే చూద్దురు. ఇప్పుడు నా బిడ్డ పేరు చూస్తరు."

హమ్మయ్య అనుకున్నాను. అప్పటి నుంచి పుస్తకం చదవకుండా కవర్ ముట్టడం లేదు. ఆడమనిషి బొమ్మ పెట్టాల్సి వస్తే, ఈమె పేరేమిటని ముందు నన్ను నేనే అడుగుతాను. లిప్‌స్టిక్ మాత్రం మానలేదు.