జవాబు వచ్చే ఆదివారం

కిందటి ఆదివారం ఉదయం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి బయటికి రాగానే ఎవరో చేతిలో ఒక కరపత్రం పెట్టి పోయారు. పిల్లల చదువుకు సంబంధించిన ఏదో యాప్ గురించిన ప్రకటన అది. మీ పిల్లల ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబు చెబుతామని పెద్ద అక్షరాలతో హామీ ఇచ్చారు. ఆదివారమైనా బరువైన సంచులతో కోచింగ్ తరగతులకు నడిచిపోతున్న పిల్లల మధ్య నిలబడి ఆ కాగితం చదువుతుంటే నాకు ఎందుకో నవ్వొచ్చింది. ఆ స్టేషన్‌కు కాస్త దూరంలోనే, గడ్డిఅన్నారం వైపు వెళ్లే ఒక సందులో, ఏ ప్రశ్నకైనా వారం గడిస్తే తప్ప జవాబు చెప్పని ఇల్లొకటి ఉండేది. ఆ ఇంట్లోనే నేను నా డిగ్రీ చదువు సాగించాను. మెట్రో స్తంభాలు ఇంకా లేవని, రోడ్డు మధ్యలో నిలబడితే ఆకాశం కనిపించేదని గుర్తున్న నా ఈడువారికి ఆ రోజులు ఎటువంటివో విడమరచి చెప్పనక్కర లేదు.

ఆ ఇల్లు మా పెద్దమ్మది. అంటే ఆమె కిరాయికి ఉంటున్నది. నల్లగొండ జిల్లా పల్లెల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత నగరానికి వచ్చి, ఆ మేడలో కింది వాటా తీసుకుంది. ముందు భాగంలో జాలీ బిగించిన ఒక వరండా ఉండేది. పండ్ల మార్కెట్ దగ్గరే కాబట్టి, ఆపిల్ పండ్లు వచ్చే చెక్కపెట్టెలు తెప్పించి, మేకులు పీకి, గరుకు కాగితంతో రుద్ది, ఒకదానిపై ఒకటి నిలబెట్టి వాటిలో పిల్లల పుస్తకాలు పేర్చింది. కొన్ని కోఠీలో పాత పుస్తకాల దుకాణాల్లో ఏరుకొచ్చినవి, కొన్ని ఆమె పాత విద్యార్థులు పంపినవి. చిరిగిన వాటికి మైదా జిగురుతో, పాత చీర అంచులతో ఆమే వీపులు కట్టేది. అందుకే ఆ పుస్తకాలు తెరిస్తే మొదట ఆపిల్ వాసన, దాని వెనక కొంచెం పిండి వాసన వచ్చేవి.

ఆదివారం ఉదయం ఫలహారాలు ముగిసే వేళకు సందులోని పిల్లలంతా ఆ వరండా చేరేవారు. ఆటో నడిపేవారి పిల్లలు, దుకాణాల్లో పనిచేసేవారి పిల్లలు, నల్లగొండ పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవారి పిల్లలు, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకటి రెండు కుటుంబాల పిల్లలు. ఒకే చాప మీద ఒకరు గిదేందని అడిగితే ఇంకొకరు ఇదేంటండీ అనేవారు. పుస్తకం ఇంటికి తీసుకుపోవడానికి రుసుము లేదు, పేరు రాయించడమూ లేదు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన పొడుపుకథ ఒకటి పొడిస్తే చాలు. అయితే ఆ పొడుపుకు జవాబు ఆ రోజు చెప్పకూడదు. తెలిసిన పిల్లలు లేచి వచ్చి పెద్దమ్మ చెవిలో గుసగుసగా చెప్పి, ఏమీ ఎరగనట్టు తిరిగి వెళ్లి కూర్చోవాలి. తెలియని పిల్లలు వారమంతా ఆలోచించుకోవాలి. జవాబు వచ్చే ఆదివారమే.

ఆ రోజుల్లో నేను మా కాలేజీ చర్చా పోటీల బృందంలో ఉండేదాన్ని. ప్రశ్న అనేది ఎదుటివారిని ఇరుకున పెట్టడానికి పనికొచ్చే సాధనమని, గంట మోగేలోగా జవాబు రాకపోతే అది మన గెలుపని అక్కడ నేర్చుకున్నాను. అందువల్ల పెద్దమ్మ పద్ధతి నాకు న్యాయంగా తోచేది కాదు. జవాబు తెలిసిన పిల్లకు ఆ క్షణంలోనే నలుగురిలో మెప్పు దక్కాలి కదా, తెలివిని చెవిలో దాచిపెట్టడం ఏమి నీతి అని ఒకసారి గట్టిగానే వాదించాను. పెద్దమ్మ చిరిగిన అట్టకు జిగురు రాస్తూనే, తల ఎత్తకుండా అడిగింది.

"చెప్పినంక ఇంకేం మిగుల్తదే?"

దానికి నేను చాలా సమాధానాలే ఇచ్చాను. ఆమె ఒక్కటీ ఖండించలేదు.

అప్పట్లో పిల్లలందరికీ ప్రాణమైన పుస్తకం ఒకటుండేది. చంద్రుడు ఆకాశంలో ఉండి ఉండి విసుగెత్తి, నగరంలో కిరాయి ఇల్లు వెతుక్కునే కథ. ఒక ఇంటి యజమాని, రాత్రంతా దీపం వెలుగుతుంటే మాకు నిద్రెట్లా పడుతుందంటాడు. ఇంకొకరు నెలలో సగం రోజులు సన్నబడి, సగం రోజులు లావెక్కేవాడికి గది ఇవ్వలేమంటారు. నేను గట్టిగా చదివి వినిపిస్తుంటే, తరచూ ఇళ్లు మారే ఆ పిల్లలు, చంద్రునికి నీళ్లు పొద్దుగాల ఇడుస్తరా రాత్రి ఇడుస్తరా అని, అమాసనాడు తాళమేసుకొని పోతే ఓనరు ఊకుంటడా అని ఒకరిమీద ఒకరు పడి నవ్వేవారు. పుస్తకం పెద్దది కాబట్టి చదవడం సగంలో ఆపి, మిగిలినది ఇంటికి తీసుకెళ్లి చదువుకొమ్మనేవాళ్లం. ఆ వారం దానిని తీసుకున్న పిల్ల ఆ ఏడే ఆరో తరగతిలో చేరిన ఒక సన్నటి అమ్మాయి. మాట తక్కువ, చదువు ఎక్కువ. వాళ్ల నాన్న పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా.

మరుసటి ఆదివారం ఆయన కూతురిని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు. చేతిలో ఆ పుస్తకం ఉంది. కూతురిని ఐఐటీ ఫౌండేషన్ తరగతుల్లో చేర్పించానని, ఆదివారాలు అక్కడికే వెళ్లాలని, ఇక రాదని చెప్పి పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. ఆ పిల్ల చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడి ఆ పుస్తకం వైపు చూస్తోంది. సగం కూడా చదవలేదని ఆ చూపే చెప్పింది.

నేను ఊరుకోలేకపోయాను. కుతూహలం లేకుండా గణితం రాదన్నాను, మాతృభాషలో చదివే అలవాటు ఏ పరీక్షకూ అడ్డు కాదన్నాను, పిల్లలకు వారంలో ఒక రోజుపై హక్కు ఉంటుందన్నాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా మర్యాదగా విని, తన మాట చెప్పాడు. ఆయనకు ఇంటర్‌లో లెక్కలు తప్పి, ఆ తరువాత ఆ మార్కెట్టే జీవితమైంది.

"నేను లెక్కలు రాకనే గా పెట్టెల నడుమకొచ్చిన, చెల్లె. నా బిడ్డ రావొద్దు."

దానికీ నా దగ్గర ఖండన సిద్ధంగా ఉంది. అది కూడా చెప్పాను. ఆయన మనస్ఫూర్తిగానే తలూపాడు.

"నువ్వు చెప్పిందంత కరెక్టే. నువ్వే గెల్సినవ్. గని వచ్చే వారం సంది బిడ్డ రాదు."

అంతకుముందు నేను ఎన్నో పోటీల్లో గెలిచాను. గెలుపు ఇంత ఖాళీగా ఉండడం మాత్రం అదే మొదటిసారి. ఆయన వెనక్కి తిరుగుతుండగా లోపలి నుంచి పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పోతే పోదువుగని ఆగు నాయినా. మా ఇంట్ల ఒక పద్ధతుంది. ఈడిదాక వచ్చినోళ్లు వట్టి చేతుల్తోని పోవద్దు. ఒక పొడుపు పొడుస్త, ఇప్పుతవా?"

"నాకెందుకమ్మా గవన్ని? పిల్లలకు పొడువు."

"భయమైతుందా?"

చాప మీది పిల్లలంతా ఒక్కసారిగా కిసుక్కుమన్నారు. ఆయన కూడా నవ్వాపుకుంటూ, సరే పొడువుమన్నాడు. పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

"ఒంటి నిండ కండ్లే, ఒక్కటీ చూడదు. నోరు తెరిస్తే తెల్ల చిగుళ్లు, నల్ల పండ్లు."

ఆయన వెంటనే అనాసపండు అన్నాడు. నల్ల పండ్లెక్కడున్నయని పిల్లలు ఎగతాళి చేశారు. చేపల వల అన్నాడు, దానికి చిగుళ్లెక్కడివన్నారు. ఇంకొంచెం సేపు నిలబడి, తల గోక్కుని, సరే నువ్వే చెప్పమ్మా అన్నాడు.

"వచ్చే ఐతారం చెప్త."

"వచ్చే ఐతారం మేం రాంగదా!"

"రాకుంటె నీ ఇష్టం. జవాబు యాడికి పోదు, ఈడ్నే ఉంటది."

ఆయన గేటు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నాకు మాత్రం అప్పటికి ఆ పిల్ల చేజారిపోయిందన్న బాధ తప్ప మరేమీ తోచలేదు. పొడుపుకథ ఒక తండ్రి నిర్ణయాన్ని మారుస్తుందా అని పెద్దమ్మను నిలదీశాను కూడా. మార్చడానికి కాదే, ఊరికెనే పొడిచిన అన్నది.

మరుసటి ఆదివారం ఆయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, కూతురిని మెయిన్ రోడ్డు మీది క్లాసులో దింపి, అది ముగిసేదాకా ఏమీ పని లేక వచ్చానన్నట్టు మొహం పెట్టుకున్నాడు. చాప అంచున కూర్చుని, పిల్లలు తమ పొడుపులన్నీ ముగించేదాకా ఓపికగా ఉండి, పెద్దమ్మ దగ్గరికి వెళ్లి వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఎవరు చెప్పినా పద్ధతి అదే కదా. ఆమె పకపకా నవ్వి, నువ్వే జెప్పు అందరికీ అన్నది. అప్పుడాయన ఆ వారమంతా తాను పడిన పరేషాన్ వర్ణించాడు. దుకాణంలో హమాలీలను అడిగాడట, లారీ డ్రైవర్లను అడిగాడట, ఒక్కరికీ తెలియలేదట. చివరికి ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేసి అడిగితే, ఆమె విడమరచి చెప్పకుండా తిట్టిందట.

"పొద్దంత దాని నడుమనే కూసుంటవు గదరా, నన్నడుగుతవేందిరా అన్నది. చూద్దును గద, నా ఎన్కాల ముందర అన్ని సీతాఫలాల గంపలే! సీజన్ నడుస్తుంది. ఒంటి నిండ కండ్లు, పగలదీస్తె తెల్ల గుజ్జుల నల్ల గింజలు. ఇజ్జత్ పోయిందమ్మా."

పిల్లలు నేల మీద దొర్లి నవ్వారు. పండ్ల మధ్య బతికే మనిషిని పండే ఓడించిందని ఆ వారమంతా సందులో చెప్పుకున్నారు. నవ్వులు సద్దుమణిగాక ఆయన లేచి, కాస్త మొహమాటంగా, ఆ చంద్రుని పుస్తకం ఉందా అని అడిగాడు. ఆ చంద్రునికి ఇల్లు దొరికిందా లేదా అని కూతురు వారం రోజులుగా ప్రాణం తీస్తోందన్నాడు. ఉచితంగా ఎట్ల తీస్కపోతవని పిల్లలే ఆయన్ను నిలదీశారు. ఆయన తల్లి దగ్గర నేర్చుకొచ్చినది ఒకటి పొడిచాడు: పొద్దంత మడత, రాత్రికి ఇల్లు, నాలుగు గోడలున్నయి, దర్వాజ లేదు. గుంటూరు వాళ్ల చిన్నపిల్ల వెంటనే పరిగెత్తుకొచ్చి పెద్దమ్మ చెవిలో దోమతెరండీ అని, అందరికీ వినబడేంత గట్టిగా గుసగుసలాడింది.

ఆయన కూతురి తరగతులు మాన్పించలేదు. నా వాదన ఒప్పుకున్నట్టు ఆ తరువాత ఎన్నడూ అనలేదు. ఆయనదే తప్పని ఇప్పుడు నేను కూడా గట్టిగా అనలేను. పెట్టెల మధ్య గడిపిన మనిషి భయం ఎంత నిజమైనదో అప్పటి నా మూడు అంశాల ప్రసంగంలో ఎక్కడా లేదు. కానీ ప్రతి ఆదివారం కూతురిని అక్కడ దింపి, ఆమె బదులు తానొచ్చి చాప మీద కూర్చునేవాడు. పుస్తకం ముందు తానే చదివేవాడు, నచ్చితే తీసుకుపోయేవాడు. మంచి మీసకట్టున్న ఆ మనిషి మోకాళ్లు ముడుచుకుని రంగుబొమ్మల పుస్తకంలో మునిగిపోతే, పక్కనున్న పిల్లలు ఆయన భుజం మీదుగా తొంగిచూస్తూ, జర పేజీ తిప్పు అంకుల్ అని తొందరపెట్టేవారు.

ఒక ఆదివారం తరగతి ముందుగానే విడిచిపెట్టడంతో ఆ పిల్ల కూడా ఆయనతో పాటు వచ్చింది. చాలా రోజులకు ఆ చాప మీద కూర్చున్న ఆనందంలో అందరినీ చూస్తోంది. అంతలో గుంటూరు వాళ్ల చిన్నది లేచి నేరుగా ఆయననే అడిగింది.

"అంకుల్, మీకే. రెండు వరసల పళ్లు, మధ్యన ఒకటే బండి. బండి అటెళ్తే నోరు మూసుకుంటాయి, ఇటొస్తే తెరుచుకుంటాయి. ఏంటది?"

ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు, వేళ్లు లెక్కబెట్టాడు. కూతురి సంచి ఆయన భుజానికే వేలాడుతోంది. దాని జిప్పు ఆయన మోచేతికి తగులుతోంది. ఆ పిల్ల సంచి వైపు చూసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించి, సంతోషంగా చేతులెత్తేశాడు.

"తెల్వది బిడ్డా."

ఆ మాట విన్నప్పుడు కూతురు ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తరగతులు, మార్కులు, ర్యాంకులు అన్నీ నిర్ణయించే నాన్నకు తెలియనిదొకటి ఉందని, అది తనకు తెలుసునని, తెలియదనడంలో ఆయనకు ఏ చిన్నతనమూ లేదని ఆమెకు ఒక్కసారిగా అర్థమైనట్టుంది. మెల్లగా లేచి పెద్దమ్మ చెవిలో జవాబు చెప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి తండ్రి పక్కనే కూర్చుంది. మరుసటి ఆదివారం ఆయన రాగానే పెద్దమ్మతో మొరపెట్టుకున్నాడు.

"వారం సంది బతిమిలాడుతున్న, చెప్తనే లేదమ్మా. సంచి సర్దుకుంట నా దిక్కు చూసి నవ్వుతది. ఇంట్ల ఇప్పుడు అదే అందరికి పెద్ద!"

తరువాతి సంవత్సరాల్లో మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయింది; దానితో పాటు ఆ కుటుంబమూ హయత్‌నగర్ అవతలికి వెళ్లిపోయిందని విన్నాను. పెద్దమ్మకు చూపు మందగించి ఎల్బీనగర్‌లో మా ఇంటికి వచ్చేసింది. పుస్తకాలు ఒక ప్రభుత్వ పాఠశాలకు చేరాయి. ఆ పిల్లకు సీటు వచ్చిందో లేదో నేను ఎవరినీ అడగలేదు. అంత శ్రద్ధగా చదివే పిల్లకు ఏదో ఒక మంచి దారి దొరికే ఉంటుందని నా నమ్మకం.

నేను ఇప్పుడు అప్పుడప్పుడు కాలేజీ చర్చా పోటీలకు న్యాయనిర్ణేతగా వెళుతుంటాను. పిల్లలు మా కాలం కంటే బాగా మాట్లాడుతున్నారు, ఎక్కువ చదివి వస్తున్నారు. ఇళ్లలో కూడా, ఫోన్లు, యాప్‌ల విషయంలో, పిల్లలకు తెలిసి పెద్దలకు తెలియనివి ఇప్పుడు లెక్కలేనన్ని ఉన్నాయి. అయితే అది పెద్దలను చిన్నబుచ్చే తెలివి, పదే పదే చెప్పవలసి వచ్చి పిల్లలను విసిగించే తెలివి. తండ్రి తెలియదని నవ్వుతూ ఒప్పుకోవడం, కూతురు తెలిసీ చెప్పకుండా ఊరించడం, ఆ ఊరింపులో ఇద్దరూ వారమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మాత్రం ఆ తెలివిలో ఎక్కడా లేవు. తోటి పిల్లలు రోజంతా లెక్కలతో కుస్తీ పడుతున్న ఆ వారంలో, ఒక పదేళ్ల పిల్ల తన ఇంట్లో అందరికంటే పెద్దదై తిరిగింది. అటువంటి వారం ఇప్పటి పిల్లలకు ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా నన్ను అడిగితే, వాదనలన్నీ నేర్చుకున్న తరువాత కూడా, నాకు తెలియదనే అంటాను.