ముక్కులో గొట్టంతో ఒక రోజు

ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తామంటే నేను భయపడలేదు. గుటక గుటకగా నీళ్లు తాగమన్నారు, తాగాను. కళ్ల వెంట నీళ్లు కారాయి, అంతే. నాకు భయం వేరే దాని గురించి. అంతకు కొన్నాళ్ల ముందు కెమెరాతో కడుపులోకి చూసి, లోపలి నుంచి చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపారు. దాని సంగతి ఇంకా తేలలేదు. నా భార్య కడుపులోంచి కూడా అట్లాగే ముక్క తీశారు. దాని సంగతి తేలిన తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

ఆమెకు కూడా మొదట రొమ్ము కింద మంటే. అందరూ గ్యాస్ అన్నారు. మందుల షాపులో గ్యాస్ గోళీ అడిగి తెచ్చుకుని పరగడుపున వేసుకునేది. వేసుకుంటే తగ్గేది. తగ్గిన మంటను పట్టుకుని దవాఖానకు ఎవరు పోతారు? ఆమె పోయిన కొంత కాలానికి నాకూ అదే చోట మంట మొదలైంది. డబ్బాలో ఆమె గోళీలు మిగిలి ఉన్నాయి. అవే వేసుకున్నాను. అయిపోయాక అవే కొనుక్కున్నాను. అట్లా ఏళ్లు గడిచాయి. నాకు వచ్చింది ఆమె రోగమేనని లోపల్లోపల గట్టిగా అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

నేను మిర్యాలగూడలో రైసు మిల్లుల్లో బస్తాలు మోసి బతికినవాణ్ణి. అక్షరాలు నేర్చింది ఏభై దాటాక, మిల్లు వెనక షెడ్డులో సాయంత్రం పూట పెట్టిన బడిలో. కాబట్టి నా రాతలో నునుపు వెతకొద్దు. ఇప్పుడు ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కణ్ణే ఉంటున్నాను. ఒక్కతే బిడ్డ, కోదాడలో బట్టల షాపులో పనిచేస్తుంది. దాని పోరు పడలేకనే సూర్యాపేట దవాఖానకు పోయాను.

అక్కడ కడుపు రోగాల డాక్టరమ్మ ఉంది. రోగులను చూస్తుంది గానీ ఆమె మనసంతా పరిశోధన మీదనే. మనిషి కడుపులో ఆమ్లం ఎప్పుడు ఊరుతుంది, ఎంత ఊరుతుంది, ముసలితనంలో తగ్గుతుందా, ఏళ్ల తరబడి గోళీలు మింగినవాళ్లు ఒక్కసారి ఆపితే ఏమవుతుంది, ఇవీ ఆమె చూసేవి. కోదాడ దాటినాక వచ్చే ఊళ్ల మనిషి, మాట ఆంధ్ర వైపు మాట. నన్ను పరిశోధనలోకి రమ్మని అడిగింది.

"నా కడుపుల పులుపు కొలిస్తే నీకేమొస్తదమ్మా?" అన్నాను.

"వయసు మీద పడితే ఆమ్లం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారండి. నాకు నమ్మకం లేదు. కొలిస్తే గానీ తెలీదు."

"కొలిచినంక?"

"గోళీ ఎవరికి కావాలో, ఎవరు ఊరికే మింగుతున్నారో చెప్పొచ్చు. మీరు ఊరికే మింగుతున్నారేమో."

దవాఖానలో తెలీదు అన్న మాట నేను మొదటిసారి విన్నాను. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను.

గొట్టం వేసే ముందు వారం పాటు గోళీ మానేయమన్నారు. మానేస్తే మంట లేచి కూర్చుంది. గోళీ అణిచిపెట్టిన కడుపు, గోళీ ఆగగానే రెట్టించి ఊరుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను వినలేదు. నా భార్య రోగమే ఇన్నాళ్లు గోళీ కింద దాక్కుని ఇప్పుడు బయటపడిందనుకున్నాను.

గొట్టం అంటే సన్నని వైరే. దాని చివర ఆమ్లాన్ని పసిగట్టేది ఏదో ఉంటుంది, అది కడుపులో ఉంటుంది. ఇవతలి కొసను చెంపకు ప్లాస్టర్ వేసి అంటించి, నడుముకు కట్టిన చిన్న డబ్బాకు తగిలించారు. డబ్బా మీద బొమ్మల బటన్లు. తిన్నప్పుడు పళ్లెం బొమ్మ, పడుకున్నప్పుడు మంచం బొమ్మ, మంట లేచినప్పుడు ఛాతీ బొమ్మ నొక్కాలి. మర్నాడు వచ్చి తీయించుకోవాలి.

"గీడనే మంచమిస్తే పండుకుంట గదా" అన్నాను.

"ఇక్కడ ఉంచితే దవాఖానలో కడుపు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. మీ ఇంట్లో ఎట్లా ఉంటుందో తెలీదు. మామూలుగా ఎట్లా ఉంటారో అట్లానే ఉండండి" అంది.

మిర్యాలగూడ బస్సులో నా పక్క సీటాయన చాలా సేపు ఓపిక పట్టాడు. తర్వాత పట్టలేకపోయాడు.

"ఏంది పెద్దాయనా, ఛార్జింగు పెట్టుకున్నవా?"

"ఆఁ. దిగేలోపల నిండుతది."

"గా వైరు తీస్తే బండి ఆగుతదా?"

"నువ్వు గుంజి సూడు, ఆగుతదో లేదో."

ముందు సీటు వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. ఆ రోజు నేను మనుషులతో ఎక్కువ మాటలు మాట్లాడింది ఆ బస్సులోనే.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, పొద్దున వండి పెట్టుకున్న అన్నంలో చారు పోసుకుని తిన్నాను. పళ్లెం బొమ్మ నొక్కాను. సాయంత్రం మిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంటే గడప మీద కూర్చున్నాను. ఇంటి ఓనరామె చీపురు చేతిలో పట్టుకునే అడిగింది. "తిన్నవా మామా?"

"తిన్న."

కొంత సేపటికి బిడ్డ ఫోను. "తిన్నవా నాయినా?"

"తిన్న బిడ్డా."

"ఏం కూర?"

"పప్పు."

రాత్రికి నేనేమీ తినలేదు. నా భార్య పోయినప్పటి నుంచి రాత్రి పొయ్యి ముట్టించడం మానేశాను. ఒక్కడి కోసం గుప్పెడు బియ్యం కడుగుతుంటేనే చెయ్యి ఆగిపోయేది. చాయ్ తాగి పడుకునేవాణ్ణి. కానీ మా దిక్కు తిన్నవా అంటే అది పలకరింపు. దానికి జవాబు తిన్న అనే. తినలేదని చెప్తే అడిగిన మనిషి లేచి పళ్లెం పెట్టాలి, లేకపోతే నొచ్చుకోవాలి. ఎవరినైనా ఆ ఇరకాటంలో ఎందుకు పెట్టడం? ఏళ్లుగా అట్లా చెప్పి చెప్పి, తిననిది కూడా నాకు తిన్నట్టే ఉండేది.

ఫోను పెట్టేశాక డబ్బా వైపు చూశాను. బిడ్డకు ఒక మాట, డబ్బాకు ఒక మాట చెప్పడం బాగుండదనిపించింది. పళ్లెం బొమ్మ నొక్కి పడుకున్నాను. తర్వాత ఛాతీ బొమ్మ ఎన్నిసార్లు నొక్కానో తెలియదు.

మర్నాడు గొట్టం తీసేశారు. వారం దాటాక ఫలితం చెప్తాం రమ్మన్నారు. బిడ్డ కోదాడ నుంచి నేరుగా సూర్యాపేటకు వచ్చి బస్టాండులో నన్ను కలిసింది. ఇద్దరం డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. నేను ముక్క గురించి అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఆమె కంప్యూటరు మా వైపు తిప్పి ఒక వంకర గీత చూపించింది.

"ఇది మీ కడుపండి. అన్నం లోపలికి పోతే ఆమ్లం పలచబడుతుంది, అప్పుడు గీత పైకి లేస్తుంది. ఇదిగో, మధ్యాహ్నం ఎట్లా లేచిందో చూడండి. మీ వయసుకు ఆమ్లం బాగానే ఊరుతోంది, నేననుకున్నట్టే." అంటుంటే ఆమె ముఖం వెలిగింది. తర్వాత వేలు కుడి వైపుకు జరిగి ఆగింది. "రాత్రి ఏం తిన్నారు?"

"అన్నం."

"కూరేంటి?"

"వంకాయ."

బిడ్డ నా వైపు తిరిగింది. "నాకు పప్పన్నవ్ గదా."

"వంకాయైనా పప్పైనా గీత లేవాలండి. బటన్ నొక్కారు, గీత మాత్రం లేవలేదు. రాత్రంతా పొద్దుటి దాకా అడుగునే ఉంది."

నేను నేల చూశాను. బస్తాలు మోసిన రోజుల్లో కూడా మెడ అంత వంగలేదు.

"మిషనుకు గూడ తిన్ననే చెప్పినవా నాయినా" అంది బిడ్డ. కోపంగా అనలేదు. మెల్లగా అంది.

"రోజూ ఇంతేనా?" అని డాక్టరమ్మ అడిగింది. నేను తల ఊపాను. ఆమె "భోజనం గుర్తు తప్పు పడింది కాబట్టి మీ ఆ రోజు కొలత నా పరిశోధనలో వేసుకోలేను. అది నా నష్టం, మీది కాదు. కానీ ఖాళీ కడుపు, దాని మీద చాయ్. మంటకు ఇంకేం కావాలండి" అంది.

అప్పుడు అడిగాను. "ముక్క సంగతి సెప్పమ్మా."

"కింద రిపోర్టులిచ్చే చోట చెప్పలేదా మీకు? చెప్పారనుకున్నాను. ఏం లేదండి. గడ్డ లేదు, పుండు లేదు. లోపల కొంచెం ఎర్రబడింది, అంతే."

"మా ఇంటామెది గూడ మొదలు గిట్ల సూస్తే దొరికేదా?"

"దొరికేదేమో. ఆవిణ్ణి నేను చూడలేదు, చెప్పలేను" అంది. అబద్ధం చెప్పి ఊరడించనందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. మంటేమో ఇంకా పెరిగింది.

బస్టాండులో బిడ్డ నా పక్కన బెంచీ మీద కూర్చుని, "ఇగ పరేషాన్ లేదు గదా. అమ్మది నీకు రాలే" అంది.

తిండి సంగతి ఎట్లాగూ బయటపడింది. ఇంకా దాచింది ఒక్కటే మిగిలింది. "అదే అయితే బాగుండనుకున్న బిడ్డా" అన్నాను.

"నీ నోట్ల మన్నువడ. నేనున్న, కనవడతలేనా నీకు?"

"నువ్వు కోదాడల ఉన్నవ్."

"మరి రారాదు కోదాడకు."

"వచ్చి ఏం జేయాలె? మీ ఇంట్ల గూసొని తిన్న తిన్న అనాల్నా?"

అది నవ్వబోయి నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంతలో కోదాడ బస్సు వచ్చింది. షాపులో సగం పూటకే సెలవు ఇచ్చారట, ఆ బస్సు తప్పితే లాభం లేదు. ఎక్కి కిటికీలోంచి ఏదో అంది, ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. చెయ్యి ఊపాను.

మిర్యాలగూడ బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. ఇన్నేళ్లు ఆ మంటను నా భార్య నాకు వదిలిపోయిన వస్తువులా మోశాను. రొమ్ము కింద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా, ఆమెకూ సరిగ్గా ఇక్కడే అనుకునేవాణ్ణి. ఆమెది కాదని డాక్టరమ్మ తేల్చేసింది. ఎర్రబడిన కడుపు నాది, మానేసిన రాత్రి అన్నాలు నావి.

స్టాండు బయట బండి మీద ఇడ్లీ తీసుకుని నిలబడే తిన్నాను. బండి ఆమె ఇంకో రెండు వేయనా అని అడిగింది. వెయ్యమన్నాను. తిన్నాక కూడా మంట ఉంది. అంత తొందరగా పోదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. చెయ్యి కడుక్కుని బస్సు ఆగే చోటికి పోయి నిలబడ్డాను.