గేటు అప్పగింత

గేటు నంబర్ వన్‌లో నేను దిగింది డిసెంబరు ఆఖర్లో, ఉదయం ఐదూ నలభైకి. పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో కనపడదు. గురుగ్రామ్ శివార్లో అప్పుడే కట్టిన ఆరు టవర్లు, ఒక్కోటి పద్దెనిమిది అంతస్తులు. మనుషులు దిగింది రెండింట్లోనే. ముందు తారురోడ్డు లేదు. ఎదురుగా ఆవాల చేను.

నాకు అప్పగించిన సామాను: ఒక విజిల్, ఒక లాఠీ, ఒక టార్చి, బ్యాటరీ నిలవని వాకీటాకీ, విజిటర్ల రిజిస్టరు, ఒక కాలు వంకరపోయిన ఇనప కుర్చీ. ఆ కాలి కింద ఇటుకముక్క పెట్టాను. పదేళ్లూ ఆ ఇటుకముక్క అక్కడే ఉంది.

ఊళ్లో ఎవరు పిలిచి కూర్చోబెట్టినా బోర్డర్ కథలు చెప్పమంటారు. పదిహేడేళ్లు ఇన్‌ఫాంట్రీలో చేశాను, హవల్దారుగా దిగాను, కథలకేం తక్కువ లేదు. కానీ బోర్డర్లో శత్రువు ఎటు ఉన్నాడో మాకు మ్యాపు మీద చూపించేవాళ్లు. నన్ను నిజంగా దెబ్బతీసిన పోస్టింగ్ ఇది. అందుకే ఇదే చెప్తున్నాను.

డ్యూటీ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. బేస్‌మెంట్‌లో జనరేటర్ గది పక్కన ఒక గది, వంటకు గట్టు, అదే మా క్వార్టర్. మా ఆవిడా, రెండో తరగతి చదివే మా అమ్మాయీ నెల తర్వాత మార్కాపురం నుంచి వచ్చారు. ఆ పిల్ల ఏడాది తిరక్కుండా హిందీ పట్టేసింది. తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది.

కెమెరాల గదిలో ఉండేవాడు ఆర్మీ సిగ్నల్స్‌లో నాయక్‌గా చేసి దిగినవాడు, అందుకే అందరికీ నాయక్. రోహ్‌తక్ వైపు వాడు. నన్ను ఉస్తాద్ అనేవాడు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు మా ఇద్దరికీ ఒకటే సంభాషణ.

"గేట్ వన్, కంట్రోల్."

"బోలో కంట్రోల్."

"ఉస్తాద్, బావూజీ నికల్ పడే."

"దేఖ్ లియా. ఠీక్ హై."

బావూజీ అంటే సి టవర్ పెద్దాయన. ఎప్పుడో రిటైరయ్యాడు, మతిమరుపు. నాలుగున్నర అవ్వగానే చేతిసంచీ పట్టుకుని బయల్దేరేవాడు. ఆఫీసు అయిపోయింది, ఇంటికి పోవాలి అనేవాడు. చెయ్యి పట్టుకుని ఆపితే కొట్టడానికొచ్చేవాడు. "బస్ నికల్ గయీ బావూజీ, కల్ జాయియే" అని, బస్సు పోయింది రేపు వెళ్లండి అంటే మాత్రం, అచ్ఛా అని బుద్ధిగా వెనక్కి తిరిగేవాడు. ఇది కనిపెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది, రెండు చెంపదెబ్బలు కూడా పడ్డాయి.

ఇక అసలు మనిషి. బి టవర్, తొమ్మిదో అంతస్తు. కాకినాడ ఆయన, పెద్ద కేంద్ర ప్రభుత్వ ఆఫీసరు. ఇరవై ఏళ్లు ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండి, రిటైరయ్యే ముందు ఇక్కడ ఫ్లాట్ కొన్నాడు. అందరూ అంకుల్ అంటారు. నేను సార్ అనేవాణ్ణి. మొదటి చలికాలంలోనే, వాకింగుకు పోతూ నా దగ్గర ఆగాడు.

"తెలుగువాడివా? ఏ ఊరోయ్ మనది?"

"మార్కాపురం దగ్గర సార్."

"ఇంకేం, పలకల ఊరు. మా చిన్నప్పుడు అక్షరాలు దిద్దింది మీ రాళ్ల మీదేనయ్యా."

అప్పట్నుంచి రోజూ ఆరూ పదికి స్టీలు ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. మూతలో నాకు, గ్లాసులో ఆయనకు. తొమ్మిదింటికి కారులో పోతూ ఒకసారి, సాయంత్రం ఐదుకు పావు తక్కువలో వస్తూ ఒకసారి, అద్దం దించి చెయ్యి ఎత్తేవాడు. నేను సెల్యూట్ కొట్టేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఏదో సలహాదారు ఉద్యోగం చూసుకున్నాడు, కాబట్టి ఆ టైములు మారలేదు.

కరోనా రెండో ఏడు, ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండున్నర. కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, లిఫ్టులు ఆగిపోయాయి. వాకీటాకీలో నాయక్ అరుస్తున్నాడు, బి తొమ్మిదిలో ఆంటీకి, అంటే సార్ భార్యకు, ఊపిరి అందడం లేదని. ఆమెను డైనింగ్ కుర్చీలో కూర్చోబెట్టి, బెడ్‌షీటుతో నడుము కట్టి, నేనూ నాయకూ తొమ్మిది అంతస్తులు దించాం. ముందు నేను, వెనక్కి నడుస్తూ. కింద అంబులెన్సు దగ్గర ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాకు తోడబుట్టినవాళ్లు లేరోయ్. ఇవాళ్టి నుంచి నువ్వే నా తమ్ముడివి" అన్నాడు. ఆమె పదమూడు రోజులకు ఇంటికొచ్చింది. ఆయన మాట నేను ఇంటికి మోసుకుపోయాను. మా ఆవిడ నవ్వేది. "మీ అన్నగారు ఎప్పుడైనా మనింటికి భోజనానికొస్తారా?" అనేది. మెట్లు దిగి రావాలి కదా, మోకాళ్ల నొప్పులు అని నేనే ఆయన తరఫున సాకు చెప్పేవాణ్ణి.

ఆవాల చేను పోయింది, అక్కడ మాల్ వచ్చింది. తారురోడ్డు పడింది, మెట్రో మాట మొదలైంది. నవంబరొస్తే పొగకు కళ్లు మండేవి, ఫ్లాట్ల వాళ్లు గాలి శుభ్రంచేసే మిషన్లు కొనుక్కున్నారు, నేను తడిగుడ్డ కట్టుకున్నాను. మా అమ్మాయి పన్నెండో తరగతికి వచ్చింది. డాక్టరీ చదువుతానని పట్టు. ఫిబ్రవరి, మార్చిల్లో బోర్డు పరీక్షలు. ఆ ఏడే అంకుల్ సొసైటీ కమిటీకి ప్రెసిడెంట్ అయ్యాడు.

సెక్యూరిటీ మారుస్తారన్న పుకారు దసరాకే వచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, లాఠీ పట్టుకోగలిగినవాడికి ఢిల్లీలో పని దొరక్కపోదు. నా భయం క్వార్టర్ గురించి. పరీక్షల ముందు పిల్లను ఎక్కడికి తీసుకుపోను? ఆరూ పది టీ దగ్గర అడిగేశాను.

"పిల్ల పరీక్షలయ్యేదాకా నీ క్వార్టర్ జోలికి ఎవడొస్తాడోయ్? నాదీ పూచీ" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నిన్ను ఎస్టేట్ సూపర్‌వైజర్ని చేద్దామని ఉంది. కమిటీకి నీ పని కాగితం మీద చూపించాలి. ఈ గేటు గురించి నీకు తెలిసిందంతా రాసి ఇయ్యి తమ్ముడూ."

ఇక్కడ మీకు ఒక పద్ధతి చెప్పాలి. ఫౌజులో, అంటే పట్టాళంలో, పోస్టు మారేటప్పుడు అప్పగింత ఉంటుంది. దిగిపోయేవాడు ఎక్కేవాడికి అంతా చెప్పాలి. ఏ రాయి కదులుతుంది, ఏ దారిలో కాలు జారుతుంది, ఎటునుంచి ఎన్నింటికి అలికిడి వస్తుంది. ఒక్కటి దాచినా వచ్చేవాడి ప్రాణం పోతుంది. అందుకే దాచుకోవడం మాకు రాదు. అప్పగింత రాయమంటే ఎందుకని అడగడం కూడా రాదు.

పదహారు రోజులు రాశాను. నలభై ఒక్క పాయింట్లు. ఏ పనమ్మాయికి ఆధార్ కార్డు లేకపోయినా ఎనిమిదేళ్లుగా నమ్మకస్తురాలు. ఏ పిల్లను తండ్రి వచ్చినా పంపకూడదు, కోర్టు కేసు నడుస్తోంది. ఏ డ్రైవరు సోమవారాలు తాగి వస్తాడు. మంచులో గేటు కడ్డీ ఎంత దూరం నుంచి కనిపించదు. పదిహేడో పాయింటు బావూజీది. మా అమ్మాయి దీపావళి సెలవుల్లో సగం రోజులు పుస్తకాలు పక్కన పెట్టి, కేఫ్‌లో కంప్యూటర్ దగ్గర కూర్చుని అదంతా ఇంగ్లీషులో టైపు చేసింది. "పప్పా, యే తో పూరీ కితాబ్ హై" అంది, ఏకంగా పుస్తకమే అయిందని. పదేళ్లలో నేనంత గర్వపడిన రోజు లేదు.

ఆయన కాగితాలు చూసి, "శభాష్" అన్నాడు. ఆ తర్వాత వారం నుంచి టీ ఫ్లాస్కు రాలేదు. మోకాళ్ల నొప్పులనుకున్నాను.

డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం పన్నెండు. లాన్‌లో షామియానా. సొసైటీకి పదేళ్లు నిండిన పండగ. తెర మీద ఫోటోలు వేశారు: ఆవాల చేను, మొదటి హోలీ, కరోనా రోజుల్లో బాల్కనీల్లో దీపాలు. ఒక ఫోటోలో నేనూ ఉన్నాను, గేటు దగ్గర, మంచులో. చప్పట్లు కొట్టారు. నన్ను స్టేజీ మీదికి పిలిచారు. అంకుల్ లేచి శాలువా కప్పాడు, మన పద్ధతిలో, రెండు కొసలూ ముందుకు లాగి సర్ది మరీ. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని వెనక వరసలో నిలబడి ఉంది. సూపర్‌వైజర్ మాట ఇప్పుడు చెప్తాడని ఎదురుచూశాను.

మైకులో ఇంగ్లీషులోనే చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు ఇది. ఈ మహానుభావుడి పదేళ్ల అనుభవాన్ని కొత్త కంప్యూటర్ సిస్టంలోకి ఎక్కించాం. జనవరి ఒకటి నుంచి గేటు వన్ తనంతట తానే నడుస్తుంది. ఈయన సేవలకు కృతజ్ఞతలు.

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. నేను అటెన్షన్‌లో నిలబడే ఉన్నాను, కాళ్లు అలవాటు కొద్దీ అలా నిలబడిపోయాయి.

కిందికి దిగాక సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి కవరు ఇచ్చాడు. పది రోజుల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. కింద అయిదు సంతకాలు. మొదటిది ఆయనది. తేదీ అక్టోబరుది. అంటే నాకు పూచీ ఇచ్చిన వారంలోనే. నేను గట్టు మీద కూర్చుని పాయింట్లు రాస్తున్నప్పటికే నా సంగతి తేలిపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారే, ఆ పని నాచేత ముత్యాల్లాంటి దస్తూరీతో చేయించాడు.

షామియానా పక్కన ఆయన్ను పట్టుకున్నాను.

"మార్చి దాకా అన్నారు కదా సార్."

ఆయన ఫోను చూసుకుంటున్నాడు. "అది కమిటీ నిర్ణయమండీ హవల్దారు గారూ. నా ఒక్కడి చేతుల్లో ఏముంది చెప్పండి? అసలు శాలువా కూడా వద్దన్నారు. నేనే పట్టుబట్టి పెట్టించాను."

'తమ్ముడూ' పోయి 'గారూ' వచ్చింది. నాకు కోపం వచ్చింది. కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, తెప్పకు శాలువా కప్పి తగలేసినవాణ్ణి ఆయన్నే చూశాను.

గదిలో మా అమ్మాయి కవరు చదివింది. "పప్పా, వో సబ్ తో మైనే టైప్ కియా థా" అంది, అదంతా టైపు చేసింది తనే కదా అని. ఆ మాటకు నేను ఏడ్చాను. ఫౌజులో ఇద్దరు స్నేహితుల శవాలను మోసుకొచ్చినప్పుడు కూడా ఏడవలేదు.

నాయక్ ఆదుకున్నాడు. వాడి ఉద్యోగమూ పోయింది. పక్క గ్రామంలో వాడు అద్దెకుండే ఇంట్లో ముందు గది మాకిచ్చాడు. "ఉస్తాద్, బచ్చీ కా ఎగ్జామ్ యహీఁ సే హోగా" అన్నాడు, పిల్ల పరీక్షలు ఇక్కణ్ణుంచే రాస్తుందని, అంతే. నేను దగ్గర్లోని ఒక గోడౌన్‌లో పగటి డ్యూటీకి కుదిరాను. పిల్ల గేదెల పాక పక్కన మంచమేసుకుని చదివింది.

జనవరి మూడో వారం. గోడౌన్ సెలవు. కూరగాయలు కొనుక్కుని పాత గేటు ముందునుంచి వస్తున్నాను. నాలుగూ నలభై. బస్టాపులో బావూజీ నిలబడి ఉన్నాడు, స్వెటర్ లేకుండా, చేతిసంచీతో. పక్కనుంచి ట్రక్కులు పోతున్నాయి. గేటు ఆయన ముఖం గుర్తుపట్టి బయటికి పంపేసింది, దాని తప్పేం లేదు. పదిహేడో పాయింటు ఎక్కించడానికి ఆ సిస్టంలో చోటు లేదేమో.

"బస్ నికల్ గయీ బావూజీ" అన్నాను. "అచ్ఛా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. చిన్న తలుపు దగ్గర కెమెరా ఆయన్ను చూసింది, పచ్చలైటు వెలిగింది, ఆయన లోపలికి పోయాడు. వెనకాలే నేను అడుగు వేయబోయాను. ఎర్రలైటు. ఏ ఫ్లాటుకు వచ్చారో చెప్పమని ఆడగొంతు హిందీలో అడిగింది. నేను ఏ ఫ్లాటూ చెప్పలేకపోయాను. కటకటాల్లోంచి చూస్తూ నిలబడ్డాను, ఆయన టవరు మెట్లెక్కేదాకా.

అప్పుడే వెనక కారు వచ్చింది. ఐదుకు పావు తక్కువ. కడ్డీ తనంతట తానే లేచింది. అంకుల్ కారు.

మా అమ్మాయి మార్చి చివర్లో ఆఖరి పరీక్ష రాసింది, బాగానే రాసింది. మర్నాడే రైలెక్కి మార్కాపురం వచ్చేశాం. శాలువా ట్రంకుపెట్టె అడుగున ఉంది, మా ఆవిడ కప్పుకోదు, పారేయదు. పిల్లకు కర్నూలులో డాక్టరీ సీటొచ్చింది. చెప్పుకోవడానికి మంచి కబుర్లే ఉన్నాయి.

కానీ ఆ పూట, గేటు దగ్గర, కారు అద్దం దిగింది. నేను రెండు గజాల దూరంలో, కూరల సంచీతో, ఎడమవైపు నిలబడి ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. కుడివైపు గేటు గదిలో ఇటుకముక్క మీద నా ఇనప కుర్చీ అలాగే ఉంది, అందులో ఎవరూ లేరు. ఆయన దానివైపు చెయ్యి ఎత్తాడు. పదేళ్లూ ఎత్తినట్టే, నవ్వుతూ. కారు లోపలికి పోయింది. ఆ పదేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారైనా నాకోసం లేచిందా అని అప్పట్నుంచి ఆలోచిస్తున్నాను.