ఆమోసు చెప్పిన తప్పుడు రిపేరు

కంకిపాడు సెంటర్లో నా జిరాక్స్ షాపు పక్కనే ఆమోసు కంప్యూటర్ షాపు. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే చిప్పు కార్డుని రీడరు చదవకపోతే విజయవాడ ఆడిటర్లు కూడా బిక్కమొహాలతో అతని దగ్గరికే వస్తారు.

"డ్రైవరంటే పెళ్ళిళ్ళ పేరయ్యండీ," అంటాడు ఆమోసు. "రీడరు మాట కంప్యూటర్‌కి, కంప్యూటర్ మాట రీడరుకి చేరేస్తాడు. ఆయన అలిగాడా, ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నా పలకరించుకోరు."

ముందు వైరు ఇంకోచోట గుచ్చుతాడు. తర్వాత కార్డు మీది చిప్పు తుడుస్తాడు. అప్పటికీ లేవకపోతే పాత డ్రైవరు తీసేసి కొత్తది వేస్తాడు. కంప్యూటర్ లోపల కార్డుని పలకరించే స్మార్ట్‌కార్డ్ సర్వీసు నడుస్తోందా లేదా అన్నది ఆఖర్న చూస్తాడు. ఏం పాడైందో ఉన్నదున్నట్టు చెబుతాడు. వైరు వదులైతే కొత్త రీడరు అంటగట్టడు.

ఈ విద్యంతా బావమరిది నతానియేలుకి నేర్పాడు. ఐదేళ్ళు ఇంట్లో పెట్టుకుని, నిరుడు గుణదలలో షాపు కూడా పెట్టించాడు.

ఈ జూన్‌లో ఓ కాలేజీ కంప్యూటర్లన్నీ చూసుకునే కాంట్రాక్టుకి ఆన్‌లైన్ టెండరు పడింది. అది దొరికితే ఊళ్ళు పట్టుకు తిరిగే బతుకు కుదుటపడుతుందని ఆమోసు ఆశ. ఆఖరి రోజు మూడింటిలోగా కార్డు పెట్టి సంతకం చెయ్యడమే మిగిలింది. ఇల్లు షాపు వెనకే. ఆ పొద్దున నతానియేలు వచ్చి, అక్క ఏంజెల్ పెట్టిన ఇడ్లీ తిని, ఏదో ప్రింటు కావాలని బావ కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుని వెళ్ళాడు.

రెండింటికి రీడర్లో లైటు వెలిగింది గానీ కార్డు కనపడలేదు. "నా షాపు కంప్యూటర్లో పెట్టి చూడరాదూ," అన్నాను.

"ఊరందరివీ బాగుచేసేవాణ్ణి, నాది నేను చేసుకోలేనా అన్నా?"

డ్రైవరు రెండుసార్లు వేశాడు. సర్వీసు జోలికి పోలేదు. అది తన చేత్తో పెట్టుకున్నదని ధీమా. మూడు దాటిపోయింది.

అప్పుడు తెరిచాడు సర్వీసుల జాబితా. కార్డు సర్వీసు పక్కన 'డిసేబుల్డ్' అని ఉంది.

"డ్రైవరు దానంతటది పోద్దన్నా. ఇది ఎవరో చేత్తో ఆపితేనే ఆగుద్ది," అన్నాడు. ఆ చోటు తెలిసినవాళ్ళు నేనెరిగినంతలో ఇద్దరే.

సాయంత్రం కాలేజీవాళ్ళు టెండరు తెరిస్తే అందులో ఉన్నది ఒక్కటే పేరు, నతానియేలుది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. లెక్క నేర్పినవాడి వాసాలే లెక్కపెట్టినవాణ్ణి మాత్రం అప్పుడే చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అడిగితే వదిలేసేవాణ్ణి గదన్నా," అన్నాడు ఆమోసు.

అంతలో ఏంజెల్ టీ తెచ్చింది. "ఏమైందండీ? పొద్దున తమ్ముడు కూర్చున్నప్పుడు బానే ఉందిగా?"

ఆమోసు గ్లాసు అందుకున్నాడు.

"డ్రైవరు పోయింది," అన్నాడు.

ఇన్నేళ్ళలో అతని నోట నేను విన్న తప్పుడు రిపేరు అదొక్కటే.