మనవరాలి దీవిలో పులుసు

ఇది అప్పుడే రాసిపెట్టుకోవాలనిపించింది గానీ, అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నతనంలో నెత్తికెక్కిన చేపల తట్ట దించేసరికి జుట్టు నెరిసింది. ఈమధ్యే మా పక్కింటి కోడలు తన అరుగు మీద కూర్చోబెట్టి ఓపికగా రాయడం నేర్పింది. ఇవాళ సెలవులకొచ్చిన మనవరాలు లోపలి గదిలో కంప్యూటరు తెరిచింది. అందులోంచి కుండ కుతకుతలాడే చప్పుడు వినబడగానే, కాలు విరిగి కృష్ణపట్నంలో కొడుకింట ఉన్న ఆ వానాకాలం గుర్తొచ్చింది.

కొడుక్కి పోర్టులో ఉద్యోగం. మూడో అంతస్తులో ఇల్లు, లిఫ్టు లేదు. కట్టు విప్పి, నడక వచ్చాక కూడా నన్ను అల్లూరు దగ్గర మా ఊరికి పంపలేదు. "ఇంటికి పోతాన్రా" అంటే "రేపు చూద్దాంలేమా" అనేవాడు. వంటింట్లో అడుగుపెడితే కోడలు గరిటె అందుకుని "మీరు కూర్చోండత్తమ్మా" అనేది. ఇద్దరూ మంచివాళ్లే. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా దారి ఉండేది కాదు. కిటికీలోంచి క్రేన్లు, బొగ్గు దుమ్ము. సముద్రం అక్కడే ఉందని తెలుసు, వాసన మాత్రం రాదు. పగలంతా నాకు కాపలా, కాలేజీ సెలవుల్లో ఉన్న మనవరాలు.

తన కంప్యూటరు ఆటలో, ఓడ మునిగి దీవిలో పడ్డ పిల్ల ఒకతి ఉండేది. చెట్లు కొట్టి గుడిసె కట్టుకోవాలి, గాలమేసి చేప పట్టి వండుకోవాలి. ఆకలి గీత అడుగంటితే చచ్చిపోతుంది, కూడబెట్టినదంతా పోతుంది. మనవరాలు సెలవులన్నీ ఆ దీవికే ధారపోసింది. ఒక మధ్యాహ్నం నా విసుగు చూడలేక మౌసు నా చేతికిచ్చింది.

"ఏందిమే, పొలుసు గీకకుండానే కుండలో ఏసేయమంటుండావు?"

"ఆటలో గీకేది ఉండదవ్వా."

"చింతపండు? మామిడికాయన్నా?"

"అది దీవి అవ్వా, నెల్లూరు మార్కెట్టు కాదు."

ఏదో పుల్లటి పండు కనబడితే అదే వేశాను. కుండ ఎర్రగా ఉడికింది. ఎన్నాళ్లకో నేను వండిన వంట, ముట్టుకోవడానికి లేనిది. మనవరాలు మౌసు తీసుకుని ఆ పిల్లకు తినిపించబోతే చెయ్యి పట్టుకున్నాను. మా ఇళ్లలో చేపల పులుసు వండిన పూట తినం. ముక్క పులుసు పీల్చుకున్నాక, మర్నాడు దాని రుచే వేరు.

"ఇప్పుడే తినబాక. తెల్లారి తిననీ."

"ఆకలి గీత చూడవ్వా!"

"ఒక్క పూటకేం కాదులే. మేం ఉండలా?"

నా మాట విని పిల్లను కుండ పక్కనే పడుకోబెట్టింది. ఆటలో రాత్రి క్షణాల్లో గడుస్తుంది, ఆ కాస్తలోనే తెర నల్లబడింది. పులుసు నిండుగా ఉండగానే పిల్ల ఆకలితో పోయింది. గుడిసె, గొడ్డలి, ఎండబెట్టుకున్న చేపలు, అన్నీ పోయాయి. మనవరాలు ఏడవలేక నవ్వింది. "నీ రేపే దాన్ని చంపేసిందవ్వా." నేనూ నవ్వాను. సాయంత్రం కొడుకు రాగానే ఎప్పటిలాగే ఇంటి మాట ఎత్తాను. బూట్లు విప్పుతూ "రేపు చూద్దాంలేమా" అన్నాడు. మనవరాలు నా వంక చూసింది.

మరుసటి రోజు పొద్దున నేను వాణ్ణి ఏమీ అడగలేదు. చీరల సంచి భుజానికి తగిలించుకుని, మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టే జరుగుతూ కిందికి దిగాను. "అమా, ఉండు, ఆదివారం నేనే దింపుతా" అని కొడుకు పైనుంచి అరుస్తున్నాడు. ఆదివారం ఎంత దూరంలో ఉంటుందో నాకప్పటికి తెలిసిపోయింది. రోడ్డు మీదికి నడిచి, నెల్లూరు బస్సెక్కి కూర్చున్నాను.