తోడల్లుడి ఈల

దర్జీకి తోడల్లుడి ఉద్యోగం మీద గానీ, కొత్త బండి మీద గానీ ఏడుపు లేదు. ఏడుపల్లా, పై వాటాలో ఉండే ఆ మనిషి పొద్దున్నే బాత్రూములోకి వెళ్ళి ఇట్టే ఈల వేసుకుంటూ బయటికి రావడం మీదే. మిషను ముందు కూర్చుని కూర్చుని దర్జీ కడుపు రాయిలా బిగుసుకుపోయింది. పేపరంతా చదివినా పని కాదు. పైనుంచి ఈల మాత్రం వినిపిస్తుంది. ఉక్రోషం ఆపుకోలేక ఒకరోజు, డాక్టరు రాసిన విరేచనమయ్యే సిరప్పు రెండింతలు తాగి, మలం మెత్తబడే మాత్ర కూడా మింగాడు. మర్నాడు మెడలో టేపుతోనే పరుగులు.

మధ్యాహ్నానికి కుర్చీలో వాలిపోయాడు. డాక్టరుకి ఫోన్ చేసిన భార్య ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తెచ్చింది. "ఆ రెండూ ఆపేయమన్నారు. కట్టడానికని ఇంకో మందు వేసుకోవద్దన్నారు. ఇవి కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి."

"పై వాటావాడికి చెప్పావా?" అన్నాడు దర్జీ.

పలకరించడానికి దిగివచ్చిన తోడల్లుడు, ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, సిరప్పు సీసా చేతిలోకి తీసుకున్నాడు. "ఇది బాగా పనిచేస్తుందా అన్నయ్యా? నేను రోజూ ఊరికే పంపు తిప్పి వచ్చేస్తున్నాను."

దర్జీ సీసా లాక్కున్నాడు. సంతోషించాల్సిన మాటే. కానీ అంత బరువు కడుపులో పెట్టుకుని అంత హాయిగా ఈల ఎలా వేశాడన్నదే ఆయనకి మింగుడుపడలేదు.